సీసా బయట పడేసి రా

అంతర్జాతీయ క్రీడలకు ఉన్న అతి పెద్ద ముప్పు మా నల్గొండ జిల్లా నుంచే బయల్దేరుతోందని నాకు ఈమధ్యే తెలిసింది. దానికి నీలం మూత ఉంటుంది, లోపల లీటరు మంచినీళ్లుంటాయి. అది లోపలికి పోయిందంటే ఇక అంతే, ఆట ఆగిపోతుంది, దేశం పరువు పోతుంది, విదేశీ ఆటగాళ్లు పెట్టేబేడా సర్దుకుని విమానం ఎక్కేస్తారు. అందుకే గేటు దగ్గర అంత బందోబస్తు. నిర్వాహకుల ముందుచూపును మెచ్చుకోవాలి.

మన హైదరాబాద్ సిటీలో అంతర్జాతీయ మ్యాచ్ అంటే మా దగ్గర హడావిడి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ "మన ఉప్పల్‌ల మ్యాచ్" అనే వాడికి ఉప్పల్ వంద కిలోమీటర్లుందని గుర్తుండదు. నార్కట్‌పల్లి, చిట్యాల, పంతంగి టోల్‌గేట్, చౌటుప్పల్, ఆ తర్వాత ఎల్బీనగర్ ట్రాఫిక్, ఇవన్నీ దాటినా అది మనదే. 2023 ప్రపంచకప్‌లో మన సిటీకి మూడు మ్యాచ్‌లిచ్చారు, మూడింటిలోనూ ఇండియా లేదు. నెదర్లాండ్స్ మాత్రం రెండుసార్లు వచ్చి ఆడింది. అయినా మనవాళ్లు పోయి చప్పట్లు కొట్టారు. మరి మన సిటీ కదా. నష్టపోయిందీ లేదు లెండి, శ్రీలంక 344 కొడితే పాకిస్తాన్ దాన్ని కొట్టేసి ప్రపంచకప్‌లో రికార్డు ఛేదన చేసింది ఇక్కడే.

ఆ టోర్నీకి ముందు క్రికెట్ బోర్డు ఒక ప్రకటన చేసింది. ప్రేక్షకులకు తాగునీళ్లు ఉచితంగా ఇస్తామని. పేపర్లు వార్త రాశాయి, జనం సంబరపడ్డారు. ఎండాకాలం వస్తే మా ఊళ్లో కిరాణా కొట్టు శెట్టి కూడా రెండు కుండలు పెట్టి, మీద తడిగుడ్డ కప్పి చలివేంద్రం నడుపుతాడు, ఆయన మీద ఇంతవరకు ఏ పేపరూ రాయలేదు. దాహమైన మనిషికి నీళ్లిస్తే వార్తయ్యే స్థాయికి మన క్రీడారంగం ఎదిగిందన్నమాట.

ఇక మా మామ సంగతి. ఏ మ్యాచ్, ఏ గేటు అని అడక్కండి, చెప్పను. ఏ స్టేడియానికి పోయినా గేటు ఒక్కటే. మా మేనమామది మర్రిగూడ వైపు. జన్మలో ఒక్కసారి పెద్ద మ్యాచ్ కళ్లారా చూడాలన్నాడని తీసుకుపోయాను. సంచిలో రొట్టెలు, చేతిలో సీసా. రొట్టెలు మొదటి గేటు దగ్గరే పోయాయి. రెండో గేటు దగ్గర సెక్యూరిటీ పిల్లగాడు సీసా పట్టుకున్నాడు.

"సీసా బయట పడేసి రా తాతా."

"ఎందుకు బిడ్డా, మందు గాదు, నీళ్లే. కావాలంటే మూత తీసి వాసన జూడు."

"నీళ్లే గావొచ్చు, లోపటికి పోనియ్యం."

"లోపట నీళ్లున్నయా?"

"కొనుక్కుంటే ఉన్నయ్."

మామ కాసేపు ఆలోచించి, "మరి గిక్కడనే తాగి పోతే?" అన్నాడు. "తాగితే నీ ఇష్టం, కడుపుల ఉన్నదాన్ని మేం జూడం" అన్నాడు పిల్లగాడు.

ఇంత గొప్ప భద్రతా సూత్రాన్ని ఏ ఐపీఎస్ ట్రైనింగ్‌లోనైనా చెబుతారో లేదో! నీళ్లు సీసాలో ఉంటే ఆయుధం, కడుపులో ఉంటే టికెట్ కొన్న ప్రేక్షకుడు. మాట లైను వెనక్కి పాకింది, ఇక చూడాలి. మెడలు పైకెత్తి, కళ్లు మూసుకుని, లైనంతా గటగటా తాగడమే. ఒక లావుపాటి పెద్దాయన మొక్కు తీర్చుకుంటున్నంత శ్రద్ధగా రెండు సీసాలు ఖాళీ చేసి, మూడోది భార్య చేతిలోంచి తీసుకుని "నీదీ నేనే తాగాల్నా" అని గుడ్లురిమాడు. ఒకావిడ బలవంతంగా పిల్లాడి నోట్లో పోస్తుంటే వాడు బుగ్గల నిండా పట్టుకుని మింగనని తల అడ్డంగా ఊపుతున్నాడు. కాలేజీ కుర్రాళ్లు ముఖాలు కడుక్కుంటే చెంపల మీది జెండా రంగులు కారి కాలర్ల మీద పడ్డాయి. గేటు పక్కన మోకాలెత్తున పోగైన సీసాల్లో సగం మూత కూడా తీయనివే. ఇంత తాగి లోపలికి పోయినవాళ్లు మొదటి ఓవర్లు ఎక్కడ చూసి ఉంటారు? బాత్రూం లైన్లో. మొదటి వికెట్ పడ్డప్పుడు స్టేడియమంతా హోరెత్తింది, మేం గోడవైపు తిరిగి నిలబడి "ఎవరు, ఎవరు అవుటయ్యిండు" అని పక్కవాణ్ని అడుగుతున్నాం.

ఇంతవరకు నవ్వుకున్నాను. అంతకుముందు గేటు దగ్గర జరిగింది ఇంకొకటి ఉంది, దానికి మాత్రం నవ్వు రాలేదు. తనిఖీ చేస్తూ మామను చేతులు పైకెత్తమన్నారు. మామ చేతులు భుజం దాటి లేవవు. వినబడలేదనుకుని ఇంకా గట్టిగా అరిచారు. వెనక జెర్సీ వేసుకున్నవాడు "అంకుల్, జల్ది" అన్నాడు. ఆ చేతులు లేవకపోవడానికి కారణం నీళ్లేనయ్యా! లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్‌ను అంతకు ఎన్నో రెట్లు బోరునీళ్లలో తాగి పెరిగిన ఎముకలవి. మిషన్ భగీరథ నల్లా వచ్చింది, పిల్లల పళ్లు బాగుపడుతున్నాయి, సంతోషమే, కానీ బిగుసుకుపోయిన భుజాన్ని ఏ నల్లా విప్పుతుంది? ఆయన సీసా మోసేది షోకుకు కాదు. ఎక్కడ పడితే అక్కడ నీళ్లు తాగే ధైర్యం లేక. ఆ మనిషి చేతిలోంచి మంచినీళ్లు గుంజుకుని, లోపల అవే నీళ్లు కాగితం గ్లాసులో వంచి ఇరవై రూపాయలు తీసుకునేవాళ్లకు సిగ్గనేది ఉండాలి కదా. గ్లాసు నింపిన సీసా మాత్రం అమ్మేవాడి దగ్గరే ఉంటుంది. అది ఆయుధం కాదు కాబోలు.

సీసాల భయం ఉత్తదేం కాదు, ఒప్పుకుంటాను. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇండియా ఓడిపోతోందని కోల్‌కతా జనం సీసాలు విసిరితే మ్యాచ్ ఆపేసి శ్రీలంకకు ఇచ్చేశారు. అదే 1996లో, అది జరిగిన కొద్ది వారాలకే, మా నల్గొండలో ఏం జరిగిందో గుర్తుందా? నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపిస్తే జనం నిరసనగా లోక్‌సభకు నామినేషన్లు వేశారు, బరిలో 480 మంది మిగిలారు, బ్యాలెట్ పుస్తకమంత అయి పోలింగే వాయిదా పడింది. అక్కడ ఆట పోతే సీసాలు లేచాయి, ఇక్కడ నడుములు వంగిపోయినా కాగితాలే లేచాయి. మరి బుద్ధిమంతులమైనందుకు మాకు దక్కిందేమిటంటే, ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు. ఎవడో విసిరిన సీసాకు మా సీసా పోయింది, మేం వేసిన నామినేషన్‌కు మా డిపాజిట్ పెరిగింది.

పైగా అంతర్జాతీయం అంటూ మాకు చెప్పొస్తారు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్', ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. ఆ పేరు ఎక్కడెక్కడికో పోయింది, ఊరివాళ్ల సీసా మాత్రం రెండో గేటు దాటలేదు.

ఆ సెక్యూరిటీ పిల్లగాడి మీద నాకు కోపం లేదు. మామ వదల్లేదు కదా, ఏ ఊరు బిడ్డా అంటే అచ్చంపేట అన్నాడు. పొద్దటి నుంచి నిలబడే ఉన్నాడు, పెదాలు పగిలి ఉన్నాయి. "నువ్వు తాగినవా?" అంటే అటూ ఇటూ చూసి, "సార్ సూస్తే ఊకోడు" అన్నాడు. మామ సీసాలో మిగిలిన నీళ్లు వాడికిచ్చి అడ్డంగా నిలబడ్డాడు, వాడు వంగి తాగాడు.

నిర్వాహకులకు నాదొక విన్నపం. సాగర్ నీళ్లు మా అక్కంపల్లి రిజర్వాయర్‌కు వచ్చి, కోదండాపురంలో శుద్ధి అయి, 2004 నుంచి సిటీకి పోతున్నాయి. మూడు దశలూ కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. ఆ నీళ్లు ఇప్పటిదాకా ఏ తనిఖీ లేకుండా సిటీలోకి వస్తున్నాయి, ఇది ఘోరమైన భద్రతా లోపం. వచ్చే అంతర్జాతీయ మ్యాచ్ నాటికైనా కోదండాపురం దగ్గర ఒక గేటు పెట్టి, మెటల్ డిటెక్టర్ పెట్టి, టికెట్ ఉందా అని పైపును అడగండి. లేదంటే అక్కడే ఆపేయండి, మేం తాగేస్తాం.