నా మెడలో అద్దెకుంటున్న థైరాయిడ్ గారికి

అయ్యా,

ఇన్నేళ్లూ తమరు ఉన్నట్టే నాకు తెలియదు. "ఆవిడకి థైరాయిడ్ ఉందట" అని మనవాళ్లు గుసగుసలాడుకుంటారు గానీ, లేనిదెవరికో చెప్పరు. పాతిక గ్రాములు కూడా తూగరు, గుండె వేగం మీద, ఒంటి వేడి మీద పెత్తనం మాత్రం తమరిదే.

2021 మే. నాకు కరోనా తగ్గి మూడు వారాలు. బతికి బట్టకట్టాం అనుకుని ఆవకాయకి కాయలు తుడుస్తుంటే మెడ ముందు నొప్పి మొదలైంది. దవడకి, అక్కణ్ణుంచి చెవికి పాకింది. నల్లపూసలు తగిలినా ప్రాణం పోయేది. చెమటలు, చేతుల్లో వణుకు. కాఫీ గ్లాసు పెదాల దాకా వచ్చేసరికి సగం చీర మీదే.

ఇంట్లో అందరి దేవుడూ అప్పట్లో ఆక్సిమీటరే. వేలు పెట్టగానే "98! భేషుగ్గా ఉంది" అనేవారు. దాని కిందే గుండె వేగం 124 అని ఇంకో అంకె మిణుకుమిణుకుమంటుంటే, అదేమిటని ఒక్కరూ అడగలేదు. వీధి చివర డాక్టరు గారు "టెన్షనమ్మా" అని నిద్రమాత్ర రాశారు.

చివరికి రక్తపరీక్షలో తమరి బండారం బయటపడింది. తమరిని పని చేయించే టీఎస్‌హెచ్ హార్మోన్ అడుగంటింది, అంటే రక్తంలో తమరి సరుకు ఎక్కువైందన్నమాట. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ ఆకాశాన్నంటింది. తమరు రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్ గోదాములో దాచుకుంటారట. వైరస్ తర్వాత వాపొచ్చి గోడలు కారాయి, సరుకంతా ఒక్కసారి రక్తంలోకి. దీన్నే సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అంటారట. కరోనా తర్వాత ఇలా జరిగిన తొలి కేసును 2020లోనే ఇటలీలోని పీసాలో డాక్టర్లు రాసిపెట్టారు. పద్దెనిమిదేళ్ల పిల్ల. పీసా కబురు మా వీధి చివరికి చేరలేదు, అంతే.

చేరి ఉంటే అదే డాక్టరు గారు రిపోర్టు చూసి కార్బిమజోల్ రాసేవారు కాదు. అది కొత్త హార్మోన్ తయారీని ఆపే మందు. ఇక్కడ తయారీ ఎక్కడుంది, ఉన్నదే కారిపోతుంటే! హార్మోన్ల డాక్టరు, అదే ఎండోక్రైనాలజిస్టు, దాన్ని ఆపించి వాపు తగ్గించే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. రెండో రోజుకే మెడ తిప్పగలిగాను.

తమరు ఊరుకుంటారా? గోదాము ఖాళీ అయ్యాక కాళ్లు చాపుకుని పడుకున్నారు. జూలైలో నేను దుప్పటి కప్పుకుని వణికాను. పొద్దున్నే పరగడుపున, తమరు ఇవ్వాల్సిన హార్మోన్‌కి బదులు థైరాక్సిన్ మాత్ర, ఆపైన గంటదాకా కాఫీ బంద్. ఆరు నెలలు! ఆ గంట మాత్రం క్షమించలేను.

ఇప్పుడు అంతా నార్మలే. మా అత్తయ్య మాత్రం నా జుట్టు ఊడినా, పులుసులో ఉప్పెక్కువైనా తమరి పేరే చెబుతున్నారు.

మొన్న మా ఆయన గుండె దడగా ఉందంటే ఆక్సిమీటర్ వేలికి తగిలించి కింది అంకె చూశాను. 78. "బానే ఉంది" అన్నాను.

"పై అంకె ఎంత?" అన్నారు.

ఇట్లు,
తమరి ఇంటి యజమానురాలు