బొమ్మలు పోనివ్వండి, ఫలకం జాగ్రత్త

బెజవాడ, గుంటూరు వైపు ఏ విశ్వవిద్యాలయం కళా మ్యూజియం పెట్టాలనుకున్నా ముందు తేల్చుకోవాల్సింది బొమ్మల సంగతి కాదు, శిలాఫలకం కొలత. 6 అడుగులకు 4 అడుగుల నల్ల గ్రానైటు అయితే శ్రేష్ఠం. దానికి బూజు పట్టదు, చెద తినదు, ఎండకు వెలవదు. ముఖ్య అతిథి, వీసీ, రిజిస్ట్రారు, విశిష్ట అతిథులు వరసగా పోగా ఎనిమిదో వరసలో బొమ్మలిచ్చిన దాత పేరు కూడా పడుతుంది.

నీటిరంగు చిత్రం ఇలా కాదు, ఒట్టి సుకుమారం. దాని మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదు. మన ఆఫీసు బల్లల మీదే 300 నుంచి 500 దాకా ఉంటుంది. వెలిసిన రంగు మళ్ళీ రాదు. అయినా ప్రారంభోత్సవం వీడియో బాగా రావాలి కదా! అందుకే మన పద్ధతి మనది: బొమ్మ మీద ఫోకస్ లైటు, ఫలకం మీద పరదా.

ఇక ఏసీ. కృష్ణ ఒడ్డున వానాకాలంలో గాలి తేమ 80 శాతం దాటడం మామూలే. 65 దాటితేనే కాగితం మీద బూజుకు పండగ. పగలు ఏసీ వేసి, కరెంటు బిల్లుకు భయపడి సాయంత్రం 5కి ఆపేస్తే కాన్వాసు పగలు బిగిసి రాత్రి వదులవుతుంది. రోజూ ఈ కసరత్తు చేయిస్తే రంగు బీటలు వారుతుంది. దానికన్నా ఏసీ లేని, గాలాడే గదే నయం. కానీ ఏసీ లేని మ్యూజియాన్ని ఎవరు ప్రారంభిస్తారు?

ఫ్రేము కట్టేవాడికి చెప్పాల్సినవి రెండే: బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు పెట్టి సందు ఉంచాలి, వెనక ఆమ్లం లేని అట్ట వేయాలి. సందు లేకపోతే తేమకు రంగు అద్దానికి అంటుకుంటుంది, ఊడదీస్తే సగం బొమ్మ అద్దంతోనే వస్తుంది. ఆమ్లమున్న అట్టయితే కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని 'పురాతన శోభ' అని కరపత్రంలో వేసుకోవచ్చు.

వచ్చిన బొమ్మలకు నంబరు వేసి రాసుకునే రిజిస్టరు సంగతి చెప్పకపోతే పాపం. 2025.3.17 అంటే 2025లో వచ్చిన మూడో విరాళంలో 17వ వస్తువు. ఆ నంబరు కాగితం వెనక మెత్తటి పెన్సిలుతో వేయాలి, బాల్‌పెన్నుతో కాదు. వచ్చిన రోజే చిరుగులు, మరకలు రాసుకుని ఫొటో తీయాలి. లేకపోతే ఆ చిరుగు దాత ఇంట్లోదా, మన అటెండరు తడిగుడ్డదా అన్నది తేలదు. తేలకపోవడమే అందరికీ క్షేమం కాబట్టి రిజిస్టరు ఖాళీగా ఉంటుంది.

దాతగారు 'అసలు రవివర్మ' అని ఇచ్చినదాన్ని పదింతలు చూపే లెన్సు కింద పెడితే చుక్కలు కనిపించవచ్చు. అంటే అది 1894లో మొదలైన ఆయన ప్రెస్సు లాంటి చోట అచ్చయిన లితోగ్రాఫు, అంటే రాతి అచ్చు బొమ్మ; చేత్తో వేసింది కాదు. అదీ దాచదగ్గదే, చరిత్ర ఉన్నదే. కానీ ఆ మాట దాతకు ఎవరు చెబుతారు? ధర్మానికి దట్టీ ఇస్తే పెరట్లోకి వెళ్ళి మూరేసినట్టు ఉంటుంది. లెన్సు బీరువాలో పెట్టి తాళం వేయడం మర్యాద.

పేరు చెక్కించుకోవడం మన నేలకు కొత్తా అంటే కాదు. అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, బంధుమిత్రులతో కలిసి ఇచ్చానని బ్రాహ్మీ లిపిలో ఆ రాతి మీదే రాయించాడు. పాపం, ఫలకానికి వేరే రాయి కొనాలని అతనికి తోచలేదు. అక్కడి శిల్పాలు చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియానికీ, లండనులోని బ్రిటిష్ మ్యూజియానికీ తరలిపోతే దాతల పేర్లూ వాటి వెంటే వెళ్ళాయి.

మన గ్రానైటు మాత్రం గోడలోనే ఉంటుంది. సిమెంటు పెట్టేటప్పుడు పక్కన 2 అడుగులు ఖాళీ వదలండి. వచ్చే వీసీ 'పునఃప్రారంభం' చేస్తారు.