మేకకు రెండు పంచాంగాలు

ఆంధ్రా ఒడిశా సరిహద్దులో ఏటా ఒక రోజు మాంసానికి కరువొస్తుంది. వానలు లేక కాదు, గడ్డి లేక కాదు, మేకలు లేక అసలే కాదు. కార్తీక పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే ఒడియా వాళ్లు కార్తీక నియమం విడిచి మాంసం తినే రోజు కాబట్టి. నెలంతా నీచు ముట్టని ఒడిశా, ఆ తెల్లవారుజామున ఒక్కసారిగా సంచీ పట్టుకుని బయల్దేరుతుంది. తుపానుకు ముందే హెచ్చరికలిచ్చే ప్రభుత్వం ఇంత కచ్చితమైన తేదీకి వచ్చే ఉపద్రవానికి ఒక్క కంట్రోల్ రూమ్ కూడా తెరవకపోవడం మా బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లకు ఎప్పుడూ అర్థం కాదు.

ముందుగా పశువుల పక్షం విందాం, వాటినెవరూ అడగరు కనక. కార్తీకంలో మేక జీవితం బాగుంటుంది. అందరూ దాన్ని చూసి దణ్ణం పెట్టుకోరు గానీ, కనీసం చేత్తో తూకం వేయరు. చివరి అయిదు రోజుల పంచుకలో కొంగ కూడా చేపను ముట్టదని ఒడియా వాళ్ల నమ్మకం. గోపాల్‌పూర్ దగ్గర కొంగల చేత ఎవరూ ప్రమాణం చేయించలేదు, అది వేరే విషయం. అయితే ఈ సెలవులన్నీ మేక ఒంటికి పడతాయి. తిన్న ఆకంతా కండవుతుంది. పౌర్ణమి నాటికి అది తనకు తెలియకుండానే ముస్తాబై ఉంటుంది.

కోడి సంగతి వేరు. బ్రాయిలర్ పిల్ల చేతికి రావడానికి అయిదారు వారాలు చాలు. విజయదశమి నాడు షెడ్డులో దింపిన పిల్లకు కార్తీక పౌర్ణమికి దాదాపు 35 రోజులు నిండుతాయి. పండగ నాడు పుట్టి పండగ నాడు పోతుంది. ఈ లెక్క మొదట కట్టిన ఫారం యజమాని ఎవరో గానీ, ఆయనకు జ్యోతిష శాస్త్రంలో డాక్టరేటు ఇవ్వాల్సింది. మేక దగ్గర ఆ పప్పులుడకవు. కడుపులో 150 రోజులు, బయట మరో తొమ్మిది పది నెలలు. ఈ ఛాడఖాయి కూర పోయినేడాది శ్రావణంలోనే నిర్ణయమైపోయింది. మనం శ్రావణ శనివారాలని నోరు కట్టుకుని కూర్చున్నప్పుడు మేకలు నియమాలు పాటించకపోబట్టే మనకింత ముక్క దొరుకుతోంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒడియా వాళ్లకు నెల పౌర్ణమితో అయిపోతుంది. మనకు అమావాస్య దాకా ఉంటుంది. అంటే ఛాడఖాయి నాడు పక్కింట్లో మసాలా వేగుతుంటే మనింట్లో ఇంకా కార్తీకమే. పోలి పాడ్యమి దాకా మరో పదిహేను రోజులు ఆ వాసన పీలుస్తూ దీపాలు పెట్టుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీనును కూడా కోసి చెరో ముక్క పంచారు. ఊళ్లు పంచారు, చెరువులు పంచారు. ఈ పదిహేను రోజులు ఎవరి ఖాతాలో వేయాలో మాత్రం ఏ కమిటీ రాయలేదు.

ఫలితంగా ఆంధ్రా నుంచి వచ్చే చేపల లారీ ఇచ్ఛాపురంలో కార్తీకంలో ఉంటుంది, ఒడిశా వైపు గిరిసోల దాటేసరికి మార్గశిరంలో పడుతుంది. ఐసులో ఉన్న చేపకు ఇంత వేగంగా నెల మారడం ఆరోగ్యానికి మంచిదేనా? గంజాం మేకల్ని తరతరాలుగా మేపుతున్నది గొల్లలు. మేపేవాడిది ఒక పంచాంగం, కోయించుకునేవాడిది ఇంకో పాంజి. మేక ఎవరి మాట వినాలి? ఇక కొఠియా గ్రామాల్లో పుట్టిన మేక ఖర్మ చెప్పనక్కర్లేదు. అక్కడి మనుషులకే రెండు రాష్ట్రాలూ ఓటరు కార్డులిచ్చి మావాళ్లంటే మావాళ్లని కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. ఆ మేకకు పౌర్ణమికి ఒకసారి, అమావాస్యకు ఒకసారి సమన్లు వస్తాయి.

ఛాడఖాయి నాడు మాంసం కొట్టు దగ్గర మర్యాదలు మారిపోతాయి. మామూలు రోజుల్లో “రండి బాబూ, లేత ఖాసీ” అని రోడ్డు మీదకొచ్చి పిలిచే మనిషి ఆ రోజు తలెత్తడు. రేటు అడగడం అమర్యాద. “ఎముక తగ్గించి వెయ్యి బాబూ” అన్నామా, “మేకకు ఎముకలు నేను పెట్టలేదండీ” అంటాడు. న్యాయమైన మాటే. బతికున్న మేక తూకంలో సగానికి మించి మాంసం రాదు, మిగతాదంతా తల, తోలు, కాళ్లు, పేగులు. వరుసలో నలభయ్యో వాడికి లివర్ కావాలంటే మేకకు ఎన్ని లివర్లుండాలో ఆయన మాత్రం ఏం చేస్తాడు? నిన్నటిదాకా ధరలు లేక ఏడ్చిన కోళ్లవాడు కూడా ఆ రోజు మనల్ని పరాయివాళ్లలా చూస్తాడు.

2025లో దేవుడే పరీక్ష పెట్టాడు. పౌర్ణమి నవంబర్ 5, బుధవారం. మర్నాడు గురువారం. ఒడియా ఇళ్లలో మార్గశిర గురువారమంటే గడప ముందు ముగ్గేసి లక్ష్మీదేవిని పిలుచుకునే రోజు. ఒకే ఉదయం లక్ష్మీదేవీ రావాలి, ఖాసీ మాంసమూ రావాలి. ముందు ఎవరికి తలుపు తీయాలన్న టెన్షన్‌లో ఎన్ని కాపురాలు మాట్లాడుకోవడం మానేశాయో గానీ, మేకలకు మాత్రం అదనంగా ఒక రోజు వాయిదా దొరికే అవకాశం వచ్చింది.

కాబట్టి రెండు రాష్ట్రాలూ వెంటనే ఉమ్మడి పంచాంగ సంఘం వేయాలి. అందులో ఇద్దరు సిద్ధాంతులు, ఒక పశువైద్యుడు, ఒక మాంసం కొట్టు యజమాని ఉండాలి. మేకల తరఫున పరిశీలకుడిగా ఒక పోతును కూర్చోబెట్టాలి, నివేదిక కాగితాలు దానికి అందకుండా జాగ్రత్తపడాలి. ఛాడఖాయిని జిల్లాకో రోజు చొప్పున విడతల వారీగా జరపాలి: గంజాంకి సోమవారం, గజపతికి మంగళవారం, రాయగడకు బుధవారం. ఎన్నికలను విడతలుగా జరుపుకునే దేశానికి ఇది కష్టం కాదు.

సంఘం నివేదిక వచ్చేలోగా ఒక తాత్కాలిక ఏర్పాటు. ఛాడఖాయి వరుసలో తెలుగువాడు కనిపిస్తే కార్తీకం గురించి అడగకూడదు. అడిగినా అతను పక్కింటి ఒడియా వాళ్ల కోసం వచ్చానంటాడు. ఆ పక్కింట్లో ఉండేది ముసలి దంపతులిద్దరు. అతను తూకం వేయించింది రెండున్నర కిలోలు, అదీ చాప్స్, బోటీ విడిగా.