ఏ వరుసకూ రాని వరుస గారికి

మహారాజశ్రీ ఆన్‌లైన్ వరుస గారికి,

లండన్ శివారు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా భార్య, పదకొండేళ్ల మా అబ్బాయి, మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ అందరం క్షేమం. మీ క్షేమం గురించి అడగనక్కరలేదు. మొన్న ఫుట్‌బాల్ క్లబ్బు వెబ్‌సైటులో ఆట టిక్కెట్ల అమ్మకం రోజున నాకు ముందు 38,415 మంది మీ కుశలం కనుక్కుంటూ నిలబడి ఉన్నారని మీరే తెలియజేశారు.

ఉత్తరం మొదలుపెట్టగానే ఒక చిక్కు వచ్చింది. మిమ్మల్ని ఏమని పిలవాలి? ఇంగ్లండులో పెరిగినవారు కనుక మీకు తెలియకపోవచ్చు, మా భాషలో వరుస అంటే ఒకరి వెనక ఒకరు నిలబడడమే కాదు, ఎవరికి ఎవరు ఏమవుతారన్నది కూడా. కొత్త మనిషి ఎదురైతే ముందు వరుస కలుపుతాం, ఆ తర్వాతే మాట కలుపుతాం. అన్నయ్యా అందామంటే మీకు నా మీద ఆపేక్ష లేదు. బావా అందామంటే మీతో పరాచికాలు సాగవు. మామగారూ అందామంటే మీరు ఇప్పటిదాకా ఇచ్చింది ఏమీ లేదు.

మేము చూసిన వరుసలు వేరు. ఏలూరులో నా చిన్నప్పుడు కొత్త సినిమా విడుదలైతే బుకింగ్ దగ్గర రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉండేది. దాని చివర ఉన్నది కిటికీ అని పేరే గాని నిజానికి పిడికిలి పట్టే కన్నం. పిడికిట్లో డబ్బు లోపలికి వెళ్లేది, అదే పిడికిట్లో టిక్కెట్లు బయటికి వచ్చేవి, మధ్యలో మోచేతి చర్మం కొంత గోడకు సమర్పించుకునేవాళ్లం. ఆ సందులో రెండు గంటలు నిలబడేసరికి ముందున్నవాడు అన్నయ్య, వెనకున్నవాడు తమ్ముడు అయిపోయేవారు. తలల మీదుగా పాకుతూ వచ్చేవాడికి కూడా ఒక వరుస ఉండేది, అది ఉత్తరాల్లో రాసేది కాదు. "బాబాయ్ గారూ, కాస్త నా చోటు చూస్తుండండి, సోడా తాగి వస్తాను" అంటే ఆ బాబాయి తన చోటు పోయినా సరే, మన చోటు కాపాడేవాడు.

తిరుమల సంగతి సరేసరి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు వేశారంటే ఎప్పుడు తీస్తారో తెలియదు, కానీ వేళకు ఉప్మా వస్తుంది, పిల్లలకు పాలు వస్తాయి. ఒకసారి అక్కడ మా పక్కన కూర్చున్న అనంతపురం ఆవిడ తలుపు తెరిచేలోపు మా పిన్ని కూతురికి సంబంధం చూసి పెట్టింది. జాతకాలు కలవలేదు గాని, ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేస్తుంది. మీ దగ్గర గంటన్నర గడిపాను. నా ముందున్న 38,415వ మనిషి ఆడో మగో కూడా నాకు తెలియదు.

ఆ ఉదయం ఏం జరిగిందో మీకు గుర్తు చేస్తాను. అమ్మకం పదింటికి. నేను ఆఫీసుకు సెలవు పెట్టి తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నాను. తొందరగా వెళితే ముందు నిలబడవచ్చని మా నాన్న నేర్పిన విద్య. పది కొట్టగానే నా చేతిలో 38,416 పెట్టారు. 9:59కి వంటగదిలో చారు పోపు వేస్తూ ఎడమ చేత్తో ఫోను తీసిన నా భార్యకు 11,902 ఇచ్చారు. ఆమెకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకునే ఉద్దేశం కూడా లేదు. ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. పదింటికి ముందు వచ్చినవాళ్లందరినీ ఒకే గంపలో వేసి కుదిపి, చేతికి వచ్చినట్టు అంకెలు పంచుతారట. కాచుకుని కూర్చునే యంత్రాలు ముందు చోట్లన్నీ కొట్టేయకుండా ఈ ఏర్పాటట. న్యాయమే. కానీ దాని పేరు లాటరీ అండీ. లాటరీకి వరుస అని పేరు పెట్టి, ఆ పేరు చూసి నేను తెల్లవారుజామున అలారం పెట్టుకున్నందుకు నాకు మీ మీద కోపం.

ఆ పైన ఆంక్షలు. పేజీని రిఫ్రెష్ చేస్తే చోటు పోతుంది. ఇంకో కిటికీ తెరిస్తే చోటు పోతుందేమో. తెర నిద్రపోతే ఏమవుతుందో దేవుడికి తెలియాలి. మా బామ్మ మడి కట్టుకుని వంట చేసేటప్పుడు కూడా ఇన్ని ముట్టుకోకూడనివి లేవు. మధ్యలో ఒకసారి నేను మనిషినేనా అని కూడా అడిగారు. తొమ్మిది బొమ్మలు చూపి ట్రాఫిక్ లైట్లు ఉన్నవి ఏరమన్నారు. లైటు కింది స్తంభం కూడా లైటులో భాగమేనా అని ఇంట్లో చిన్నపాటి వాదన జరిగింది. మనిషినని ఒప్పుకున్నాక తెర మీద ఒక బొమ్మ మనిషిని నడిపించారు. వాడు నడుస్తూనే ఉన్నాడు. వాడి కాళ్లు నొప్పి పుట్టవు, వాడికి ఆఫీసు లేదు.

అసలు మీ గుమ్మం తొక్కడానికే ఏడాదికి సభ్యత్వ రుసుము కట్టాను, నాకు ఒకటి, మా అబ్బాయికి ఒకటి. అది టిక్కెట్టు ఖరీదు కాదు, టిక్కెట్టు కొనడానికి ప్రయత్నించే హక్కు ఖరీదు. పెళ్లిచూపులకే కట్నం పుచ్చుకునే పెళ్లివారిని నేను ఇక్కడే చూశాను. పోనీ, తాంబూలం కింద ఒక బ్యాడ్జి, ఒక కీచైను పంపారు.

చివరికి నా భార్య అంకె ముందు పండింది. ఆమె ఫోనులో నా పేరుతో లోపలికి వెళ్లాం. వెంటనే ల్యాప్‌టాప్‌లో నన్ను బయటికి పంపేశారు, ఒక సభ్యుడు ఒకేసారి రెండు చోట్ల ఉండకూడదట. స్టేడియం పటం తెరుచుకుంది. అందులో మిగిలినవి విడివిడి కుర్చీలు. ఒకటి ఈ గోలు వెనక పైఅంతస్తులో, ఇంకొకటి ఆ గోలు వెనక కింద. పదకొండేళ్ల పిల్లవాడిని మైదానం అవతల ఒడ్డున కూర్చోబెట్టి తండ్రి ఇవతల నుంచి చెయ్యి ఊపడానికి ఇదేమైనా గోదావరి పడవ రేవా? మేము తటపటాయిస్తుండగానే అవి కూడా పోయాయి.

కోపం వస్తే నేను చరిత్ర చదువుతాను. మీ వంశం గురించి చదివాను. 1923 ఏప్రిల్ 28న, లండన్‌లో కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో మొదటిసారి జరిగిన, ఇంగ్లండు క్లబ్బుల పోటీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్, బోల్టన్‌కు వెస్ట్ హామ్‌కు మధ్య. గేటు దగ్గర డబ్బిచ్చి లోపలికి రావచ్చన్నారు. పట్టేది లక్షా పాతిక వేల మంది, వచ్చింది రెండు లక్షలు దాటారని అంచనా. గడ్డి కనిపించకుండా మైదానమంతా జనమే. జార్జ్ స్కోరీ అనే పోలీసు, బిల్లీ అనే తెల్లటి గుర్రమెక్కి, కాస్త కాస్తగా జనాన్ని గీత అవతలికి జరిపితే ముప్పావుగంట ఆలస్యంగా ఆట మొదలైంది. ఇప్పటికీ దాన్ని తెల్లగుర్రం ఫైనల్ అంటారు. మరుసటి ఏడాది నుంచి ఫైనల్‌కు ముందుగా టిక్కెట్టు కొన్నవాళ్లకే ప్రవేశం. ఆ లెక్కన మీకు ముత్తాత వరుస ఒక గుర్రం. ఆయన జనాన్ని ముఖం చూసి పక్కకు జరిపేవారు, ఎవరినీ తొక్కలేదు, ఎవరికీ అంకె ఇవ్వలేదు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరోలో జరిగిన దాని మీద మాత్రం వ్యంగ్యం రాయను. జనం ఒత్తిడికి నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు పోయారు. దాని మీద విచారణ జరిపిన జస్టిస్ టేలర్ ఇచ్చిన నివేదిక తర్వాత పెద్ద క్లబ్బుల మైదానాల్లో నిలబడి చూసే మెట్లు పోయి కుర్చీలు వచ్చాయి. రావలసిందే. అయితే అదే నివేదికలో ఆయన ఇంకో మాట రాశారు. చవక కుర్చీల ధర ఇప్పటిదాకా నిలబడి చూసేవాళ్ల జేబుకు అందేలా పెట్టవచ్చని, గ్లాస్గో స్టేడియం ఇబ్రాక్స్‌లో కుర్చీ 6 పౌండ్లు, నిలబడితే 4 పౌండ్లు అని ఉదాహరణ కూడా చూపించారు. కుర్చీల పేరా అందరూ అమలు చేశారు. ధరల పేరా దగ్గరికి వచ్చేసరికి అందరి కళ్లజోళ్లూ ఏకకాలంలో ఎక్కడో పోయాయి.

2016లో లివర్‌పూల్‌లో కొత్త స్టాండుకు 77 పౌండ్ల టిక్కెట్టు ప్రకటిస్తే, సండర్లాండ్‌తో ఆటలో 77వ నిమిషాన వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి వాళ్ల జట్టు 2-0తో ముందుంది. వీళ్లు వెళ్లాక 2-2 అయింది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. అలకపాన్పు ఎక్కి పని సాధించుకోవడం మా కొత్త అల్లుళ్లకే తెలిసిన విద్య అనుకున్నాను. ఆ ఏడాదే, పరాయి మైదానానికి వెళ్లే అభిమానికి 30 పౌండ్లకు మించి వేయకూడదని ఇక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ ఒప్పుకున్నాయి. నాకూ అలగాలని ఉంది. కానీ అలిగి బయటికి నడవాలంటే ముందు లోపల కూర్చోవాలి కదా, మళ్లీ మీ దగ్గరికే రావాలి.

పోనీ ఇంట్లో టీవీలో చూద్దామా? శనివారం మధ్యాహ్నం మూడింటి ఆటలను ఈ దేశంలో టీవీలో ప్రత్యక్షంగా చూపరు. 2:45 నుంచి 5:15 దాకా నిషేధం. జనం సోఫాల్లో కూలబడితే చిన్న క్లబ్బుల గేట్లు వెలవెలబోతాయని 1960లలో పెట్టుకున్న కట్టుబాటు. అంటే నన్ను ఇంట్లోంచి లేపి గేటుకు పంపడం ఆ నియమం ఉద్దేశం, గేటు దగ్గర నన్ను ఆపడం మీ ఉద్యోగం. మధ్యలో నేను పెరట్లో నిలబడతాను. గాలి ఇటు తిరిగితే స్టేడియం అరుపు మా పెరట్లోకి వినిపిస్తుంది. చలికాలమైతే అప్పుడు ఏలూరులో రాత్రి ఎనిమిదిన్నర. దాదాపు 8,000 కిలోమీటర్ల దూరాన మా తమ్ముడు పెరుగన్నం కలుపుకుంటూ అదే ఆటను హాయిగా చూస్తుంటాడు. అరుపు నాకు వినిపిస్తుంది, గోలు ఎవరిదో ఏలూరు చెబుతుంది.

"మన దగ్గర ఈ బాధ లేదన్నయ్యా" అన్నాడు వాడు ఒకసారి. నిజమే, హైదరాబాదులో ఈ మధ్య ఫుట్‌బాల్ టిక్కెట్టు దొరకడం సమస్య కాలేదు. రహీం సాబ్ శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు, బొంబాయిలో జరిగే ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచిన ఊరు అది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్లి, పేరు కూడా మార్చుకుంది. ఇప్పుడక్కడ ఆ స్థాయి క్లబ్బు కోసమే వరుసలో నిలబడాలి.

బ్లాకులో కొనవచ్చు కదా అంటారా? మా ఊళ్లో "పదికి ఇరవై, పదికి ఇరవై" అని గొణిగేవాడు కానిస్టేబులుకు మాత్రమే భయపడేవాడు. ఇక్కడ ఫుట్‌బాల్ టిక్కెట్టును అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. అయినా పరదేశాల్లో దుకాణం పెట్టుకున్న వెబ్‌సైట్లు అడ్డగోలు ధరలు చెబుతూనే ఉన్నాయి. నేను ఆ దారి తొక్కలేదు. ధర్మం మీద భక్తితో అని రాసుకోవాలని ఉంది గాని, అసలు కారణం ధర.

ఇక మీకు తెలియని సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పోయిన నెల ఒక రాత్రి పన్నెండున్నరకు నిద్రపట్టక క్లబ్బు పేజీ తెరిచాను. మీరు లేరు. అంకె లేదు, బొమ్మ మనిషి లేడు. ఏడాది పొడవునా అదే చోటుకు సీజన్ టిక్కెట్టున్న ఎవరో రాలేక క్లబ్బుకే తిరిగి అమ్మకానికి ఇచ్చిన రెండు కుర్చీలు, పక్కపక్కనే, అప్పుడే పటంలో వెలిగాయి. దొంగలా కొన్నాను. శనివారం అనుకున్న ఆట టీవీ వాళ్ల సౌకర్యం కోసం సోమవారం రాత్రికి మారింది, తెల్లవారితే బడి. వెళ్లాం. వాన.

మా పక్క కుర్చీలో ఎనభై ఏళ్ల ఇంగ్లీషు పెద్దాయన. మమ్మల్ని చూడగానే ఆయన ముఖం మారింది. ఆట గురించి కాదు, ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చునే మనిషికి ఏమైందోనని కంగారు. "మోకాలు మళ్లీ వాచిందా?" అని నన్నే అడిగారు. నాకు తెలియదన్నాను. ఇరవై ఏళ్లుగా పక్కపక్కన కూర్చుంటున్నారట, ఒకరి ఇల్లు ఒకరు ఎరగరట. తర్వాత జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి మా అబ్బాయికి ఇచ్చారు. వాడు నా చెవిలో, "ఈయన్ని ఏమని పిలవాలి?" అన్నాడు. తాతయ్య అనమన్నాను. వాడు గట్టిగానే అన్నాడు.

పెద్దాయన కళ్లు చిట్లించి మైదానంలోకి చూసి, నా వైపు వంగి అడిగారు:

"తాతయ్యా? ఎవరతను, కొత్తగా కొన్నారా? ఎక్కడ ఆడతాడు?"

"రక్షణ వరుసలోనండీ," అన్నాను, "వయసు కాస్త ఎక్కువే."

"మనవాళ్లు ఎప్పుడూ ఇంతే, ముసలివాళ్లనే కొంటారు," అని ఆయన విసుక్కున్నారు.

ఇట్లు,
తమకు ఏ వరుసా కాని,
38,416

తా.క.: వచ్చే అమ్మకం మంగళవారం పదింటికని తెలిసింది. ఈసారి నేను సెలవు పెట్టడం లేదు. నా భార్యను ఆ వేళకు చారు పోపు వేయమన్నాను.