తాటాకు తనంతట తాను వెయ్యేళ్ళు ఉండదు

ఈ వారం చెన్నైలోని మా వేళచ్చేరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఒకే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: మన పూర్వీకులకు రాతతో పనే లేదు, వేదాలు ఒక్క అక్షరం పోకుండా నోటితోనే వచ్చాయి. తాళపత్రం వెయ్యేళ్ళైనా చెడదు. ఉన్న గ్రంథాలన్నీ తెల్లవాళ్ళు ఎత్తుకుపోయారు. పుస్తకమూ, ఆ తర్వాత ఫోనూ వచ్చి మన జ్ఞాపకశక్తిని చంపేశాయి. పంపినవాళ్ళలో నేను గౌరవించే పెద్దలున్నారు కాబట్టి ఒక్క మాటలో తప్పు అనేసి ఊరుకోలేను.

వేదాల సంగతి సగం నిజం. ఆ సగం నిజంగా అద్భుతం. వేదం వల్లించే పద్ధతుల్లో ఒకటైన ఘనపాఠంలో రెండు పదాలను ముందుకు, వెనక్కు చెప్పి, మూడో పదం కలిపి మళ్ళీ ముందుకు, వెనక్కు, ముందుకు చెబుతారు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ఎక్కడ ఒక పదం జారినా వెంటనే దొరికిపోతుంది. తప్పు పట్టుకోవడానికి ఇంత గట్టి ఏర్పాటు చేసుకున్నారంటే, మనిషి మరిచిపోతాడని వాళ్ళకు బాగా తెలుసు. కానీ ఏమీ పోలేదన్న మాట నిలవదు. ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1000, అధర్వణానికి 9 శాఖలు, అంటే వేర్వేరు పాఠ సంప్రదాయాలు, ఉన్నాయని పతంజలి తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో చెప్పాడు. ఈ రోజు మనకు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఒక శాఖను చెప్పుకునే కుటుంబాలు ఆగిపోతే ఆ శాఖ వాళ్ళతోనే పోయింది.

ఇక తాటాకు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే, ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్ళు అటక మీది తాళపత్రాల కట్టను ముట్టుకోరు. ఎలాగూ చెడదు కదా అని వదిలేస్తారు. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, గంటం అనే ఇనుప మొనతో గీసి, పైన మసి రుద్దితేగానీ అక్షరం కనపడదు. అంత చేశాక కూడా మన కోస్తా తేమకు, పురుగుకు అది కొన్ని వందల ఏళ్ళకు మించి తట్టుకోవడం కష్టం. నెల్లూరులో మా తాతగారింటి కట్ట ఒకటి విప్పినప్పుడు చూశాను. పైన చెక్క పలకలు చెక్కుచెదరలేదు. లోపల ఆకుల్లో పురుగు ఈ చివర నుంచి ఆ చివరకు సొరంగాలు తవ్వింది. తాడు లాగేసరికి ఒడిలో గోధుమరంగు పొడి రాలింది.

పాత లేఖకులకు ఇదంతా తెలుసు. గ్రంథం చివర వాళ్ళు రాసుకునే శ్లోకం ఒకటుంది: "భగ్నపృష్ఠకటిగ్రీవః స్తబ్ధదృష్టిరధోముఖః". వీపు, నడుము, మెడ విరిగేలా తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. ఇంకో శ్లోకంలో పుస్తకమే నోరు విప్పి, నూనె నుంచి, నీళ్ళ నుంచి, వదులు కట్టు నుంచి నన్ను రక్షించు, మూర్ఖుడి చేతికివ్వకు అని వేడుకుంటుంది. వెయ్యేళ్ళు చెడని వస్తువు ఇంతలా బతిమాలుకోదు. నన్నయ 11వ శతాబ్దంలో రాసిన ఆకులు మన దగ్గర లేవు. ఆయన భారతం మనకుందంటే, తరం తర్వాత తరం ఎవరో కూర్చుని దాన్ని తిరగరాశారు. ఎక్కువ కాలం నిలవాలనుకున్నప్పుడు మనవాళ్ళు వేరే దారి పట్టారు. 848 నాటి అద్దంకి శాసనంలోని తరువోజ పద్యం రాతి మీద ఉంది. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. అయినా 32 వేలు రాశాడని చెబుతారే, అందులో సగం కూడా మనకు దొరకలేదు.

తెల్లవాళ్ళు తీసుకుపోయినవి ఉన్నాయి, కాదనను. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరణలో కొంత లండన్ చేరింది. కానీ ఆయన సేకరణలో పెద్ద భాగమూ, తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ దొర పోగుచేసిన తెలుగు ప్రతులూ ఇక్కడే, 1869లో మొదలైన మన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాబట్టింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. బ్రౌన్ కోసం కడపలో ప్రతులు సరిచూసి రాసింది మన పండితులు. అన్నీ ఎత్తుకుపోయారు అంటే ముందుగా ఈ మన మనుషుల పనినే తుడిచేసినట్టు.

ఇక జ్ఞాపకశక్తి మాట. రాత వస్తే మరుపు వస్తుందన్న భయం గ్రీకు తత్త్వవేత్త ప్లేటో రాసిన ఫీడ్రస్‌లోనే ఉంది, అంటే దాదాపు 2400 ఏళ్ళ నాటిది. అచ్చు యంత్రాల కాలంలోనే తిరుపతి వేంకట కవులు వంద మంది అడిగినవాటిని గుర్తుపెట్టుకుని పద్యాలు చెప్పే శతావధానాలు చేశారు, పుస్తకాలూ అచ్చు వేయించారు. ఫోన్ గురించి అందరూ చెప్పే గూగుల్ పరిశోధన, అంటే వెతికితే దొరుకుతుందని తెలిస్తే మనం తక్కువ గుర్తుపెట్టుకుంటామన్నది, 2011 నాటిది. అందులో ఒక ప్రయోగాన్ని 2018లో మళ్ళీ చేస్తే అదే ఫలితం రాలేదు. ఫోన్ వల్ల నష్టమే లేదనడం లేదు, చంపేసిందనడానికి మాత్రం అది చాలదు.

2015 డిసెంబరు వరదల్లో మా ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. అమ్మ మంగళహారతుల నోట్‌బుక్ తడిసిపోయింది. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి, ఇంకు పెన్నువన్నీ నీలం మరకలయ్యాయి. పోయిన పాటలను అమ్మ పాడుతుంటే నేను ఫోన్‌లో రికార్డు చేశాను. పల్లవులన్నీ వచ్చాయి, చాలావాటికి రెండో చరణం రాలేదు. చివరికి అవి నెల్లూరులో పిన్ని దగ్గర దొరికాయి. తన పెళ్ళికి ముందు అమ్మ పుస్తకం చూసి ఆవిడ రాసుకున్నదట. ఒక పాటలో మాత్రం ఇద్దరికీ ఒక మాట తేడా ఉంది. "నేను చిన్నప్పటి నుంచీ ఇలాగే పాడుతున్నానే" అంటుంది అమ్మ. "అక్కా, నీ పుస్తకం చూసే కదా రాసుకున్నాను" అంటుంది పిన్ని. రెండు మాటలూ పక్కపక్కన రాసి పెట్టాను.