టల్లహాచీ ఒడ్డున ఆ బోర్డు ఉండాల్సిందే

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, టల్లహాచీ నది ఒడ్డున ఒక హత్యను గుర్తుచేసే బోర్డు నిలబెట్టడానికి అక్కడివాళ్ళు నాలుగుసార్లు పూనుకోవాల్సి వచ్చింది. మొదటిదాన్ని 2008లో ఎవరో పీకేశారు, మళ్ళీ దొరకలేదు. రెండోదాన్ని ఏళ్ళ తరబడి తుపాకులతో కాలుస్తూ పోయారు. 2018లో పెట్టిన మూడోదానికి 35 రోజుల్లోనే తూటాలు తగిలాయి. 2019 అక్టోబరులో పెట్టిన నాలుగోది 500 పౌండ్లకు పైగా బరువున్న ఉక్కు పలక. తూటా దిగదు. కెమెరాలు, అలారం కూడా పెట్టారు. నెల తిరక్కుండానే తెల్లజాతి ఆధిపత్యవాదులు కొందరు వచ్చి దాని ముందు వీడియో తీసుకోబోతే, ఆ అలారం మోగడంతో పరుగెత్తారు.

ఆ బోర్డు ఎమ్మెట్ టిల్‌ది. షికాగోకు చెందిన పద్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రాడు. 1955 ఆగస్టులో మిసిసిపీలోని బంధువుల ఇంటికి వచ్చాడు. మనీ అనే చిన్న ఊళ్ళో కిరాణా కొట్టు నడిపే తెల్లజాతి మహిళతో తప్పుగా ప్రవర్తించాడని నింద వేశారు. ఆగస్టు 28 తెల్లవారుజామున ఆమె భర్త రాయ్ బ్రయంట్, అతని సోదరుడు జె.డబ్ల్యూ. మైలం వచ్చి ఆ పిల్లాణ్ణి ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. హింసించి, కాల్చి చంపి, పత్తి జిన్నింగ్ మిల్లు ఫ్యాన్‌ను ముళ్ళతీగతో మెడకు కట్టి నదిలో పడేశారు. మూడు రోజులకు శవం దొరికింది. తల్లి మేమీ టిల్ శవపేటికను మూయనివ్వలేదు. నా బిడ్డకు ఏం చేశారో జనం చూడాలన్నారు. వేలాదిమంది చూశారు.

కేసు విచారణ టల్లహాచీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సమ్నర్ అనే ఊరి కోర్టులో జరిగింది. ఆ కుర్రాడికి తాత వరసైన మోజెస్ రైట్ లేచి నిలబడి, ఎత్తుకుపోయింది వీళ్ళేనని వేలెత్తి చూపారు. ఆ రోజుల్లో మిసిసిపీలో ఒక నల్లజాతి మనిషి తెల్లవాళ్ళ మీద అలా సాక్ష్యం చెప్పడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. అంతా తెల్లజాతి మగవాళ్ళే ఉన్న జ్యూరీ గంటకు కాస్త ఎక్కువ సమయంలోనే ఇద్దరూ నిర్దోషులని తేల్చేసింది. మళ్ళీ హత్యకేసు పెట్టడం కుదరదని తెలిశాక, డబ్బు తీసుకుని ఒక పత్రికకు వాళ్ళే నేరం ఒప్పుకున్నారు.

తర్వాత యాభై ఏళ్ళదాకా ఆ కౌంటీలో ఈ ఘోరాన్ని గుర్తుచేసే బోర్డు ఒక్కటీ లేదు. సమ్నర్ కోర్టు ఆవరణలో మాత్రం, అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సైన్యాన్ని వీరులని పొగిడే విగ్రహం ఉంది. కౌంటీ పాలకమండలికి తొలి నల్లజాతి అధ్యక్షుడైన జెరోమ్ లిటిల్ చొరవతో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఒక కమిషన్‌గా ఏర్పడ్డాకే కదలిక వచ్చింది. 2007 అక్టోబరు 2న అదే కోర్టు ముందు టిల్ కుటుంబానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పైనుంచి ఆదేశం వస్తే చేసిన పని కాదది. అందుకే దానికి అంత విలువ అని మేము నమ్ముతున్నాం.

పాత గాయాలు కెలకడం దేనికి అనేవాళ్ళు ఆ రెండో బోర్డును చూడాలి. 2021లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం దాన్ని ప్రదర్శనకు పెట్టింది. దానికి 317 తూట్లున్నాయి. అవి 1955 నాటివి కావు, ఈ శతాబ్దంలో పడ్డవి. గాయం పాతది అయితే ఈ తూటాలు ఎక్కడివి?

2023 జులైలో గ్రాబాల్ లాండింగ్ అనే ఆ నది ఒడ్డునూ, సమ్నర్ కోర్టునూ, షికాగోలో అంత్యక్రియలు జరిగిన చర్చినీ కలిపి జాతీయ స్మారకంగా ప్రకటించారు. రక్షణ దొరికిందనుకునేలోపే కొత్త టెన్షన్ మొదలైంది. జాతీయ స్మారకాల్లో అమెరికన్లను అనుచితంగా కించపరిచే రాతలు ఉండకూడదని 2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. అలాంటివి కనిపిస్తే ఫిర్యాదు చేయండంటూ నేషనల్ పార్కుల్లో, ఇలాంటి స్మారకాల దగ్గరా క్యూఆర్ కోడ్‌లు అంటించారు. హంతకుణ్ణి హంతకుడనడం కించపరచడం ఎలా అవుతుంది?

తప్పులుంటే దిద్దాలి. శవం దొరికింది సరిగ్గా గ్రాబాల్ లాండింగ్ దగ్గరేనా అన్నదాని మీద చరిత్రకారుల్లో భేదాభిప్రాయం ఉంది. ఆ సంగతీ సందర్శకులకు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఆధారం చూపి దిద్దడం వేరు, ఎవరికో ఇబ్బందిగా ఉందని చెరిపేయడం వేరు.

ఇది మనకు పట్టని విషయం కాదు. మన దేశం నుంచి పెద్ద ఎత్తున వలసలకు తలుపు తీసిన 1965 అమెరికా చట్టం అక్కడి నల్లజాతివాళ్ళ పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చిందే. ఆ ఉద్యమానికి ఎమ్మెట్ టిల్ హత్య పెద్ద కుదుపు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు సెలవుల్లో నేషనల్ పార్కులకు వెళ్తూనే ఉంటారు. ఆ క్యూఆర్ కోడ్ కనిపిస్తే, ఇక్కడ రాసింది ఒక్క అక్షరం కూడా తగ్గించొద్దని వాళ్ళూ రాయాలి. ఈ మూడు చోట్లా చంపినవాళ్ళ పేర్లు, వాళ్ళను వదిలేసిన తీర్పు, బోర్డుల మీద పడ్డ తూటాల సంగతి చెప్పి తీరాలి. అందులో ఏ మాట మార్చాలన్నా వాషింగ్టన్ అధికారులు ముందు టల్లహాచీ ప్రజలనూ టిల్ కుటుంబాన్నీ అడగాలి.