సవరణ: బండ్ల విషయంలో మున్సిపాలిటీదే ఫైనల్ కాదు

మొన్న నల్గొండ తోపుడు బండ్ల గురించి రాస్తూ, మున్సిపాలిటీ తలుచుకుంటే రాత్రికి రాత్రే ఏ బండినైనా అక్కడి నుంచి లేపేయొచ్చు, అడిగేవాడు లేడు అన్నాను. తప్పు రాశాను. అలా లేపేసేది మనం చూస్తూనే ఉంటాం, కానీ చట్టం చెప్పేది వేరు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దేశమంతటికీ ఒకటే, ముందు బండ్లవాళ్ల సర్వే చేసి, అమ్ముకోవడానికి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ కదపకూడదు, ఆ తర్వాత కూడా ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఉండాలి. సరుకు పట్టుకెళ్తే లిస్టు రాసివ్వాలి, పండ్లు, కూరగాయల్లాంటివైతే అడిగిన రోజే తిరిగివ్వాలి (సాయంత్రానికి టమాటా ఏమవుతుందో చట్టం రాసినోళ్లకు కూడా తెలిసినట్టుంది).

ఇంకో పొరపాటు, ఫీజులు, జోన్లు (ఎక్కడ అమ్మొచ్చు, ఎక్కడ అమ్మకూడదు) అన్నీ మున్సిపాలిటీ ఇష్టం అన్నాను. వీటి నియమాలుండే స్కీమ్ రాసేది రాష్ట్ర ప్రభుత్వం. బండ్ల కోసం మున్సిపాలిటీ వేసే ప్లాన్‌కు కూడా ప్రభుత్వ ఆమోదం కావాలి. ఊళ్లో బండ్ల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది బండ్లవాళ్లే ఉండాలి, వాళ్లను ఎన్నుకోవాల్సింది కూడా బండ్లవాళ్లే.